గద్ద పాఠం

పింగళమ్మ అనే పెట్టకు మూడేళ్లు. నాలుగు గింజలు తిన్నాక ఒకసారి ఆకాశంలోకి చూడటం ఆమె అలవాటు. పెరటి బడిలో పిల్లలకు గద్ద నీడను గుర్తుపట్టడం నేర్పేది ఆమే.

ఒకరోజు బడి కమిటీ గోడ మీద సమావేశమైంది. సభ్యులంతా పుంజులే. ఎందుకంటే ఆ పెరట్లో కూసినవాళ్లకే ఓటు.

“ఆడపిల్లలు అస్తమానం తలెత్తి చూస్తున్నారు. ఇదేం పెంపకం? వాళ్లకు ఆ పాఠం ఎత్తేద్దాం,” అన్నాడు అధ్యక్షుడు, సేతువ అనే తెల్ల పుంజు.

“గద్ద ఆడా మగా చూసి ఎత్తుకుపోతుందా బాబాయ్?” అని అడిగింది పింగళమ్మ.

“నీకు ఓటెక్కడిదే? ఏదీ, ఒక్కసారి కూయి!”

పుంజులు పగలబడి నవ్వారు. తర్వాత మెడలు సాచి, కళ్లు మూసుకుని, ఓటు కూశారు.

అప్పుడే నేల మీద ఒక నీడ జారింది. పిల్లలంతా అరుస్తూ గంప కిందికి దూరారు. ఆ అరుపులకు మిగతా పుంజులు గోడ దూకేశారు. సేతువ ఒక్కడే ఇంకా కూస్తున్నాడు. పింగళమ్మ ఎగిరి, అతని తోక ముక్కున పట్టి కిందికి లాగింది. గద్దకు రెండు తెల్ల ఈకలే దక్కాయి.

“తీర్మానం మాత్రం నెగ్గినట్టే,” అన్నాడు సేతువ, గంప కింద వణుకుతూ.

పింగళమ్మ పాఠం మానలేదు. మరుసటి ఏడాది, ఎదిగిన పెట్టలందరినీ వెంటబెట్టుకుని గోడెక్కి, గద్ద వచ్చిన రోజును మరవని పుంజుల ఓట్లతో అధ్యక్షురాలైంది. ఓటుకు కూత అక్కర్లేదని, కళ్లు తెరిచి ఉంచితే చాలని నియమం మార్చింది.