తాడు మీద తమెయిన్

"ఆ మొదటి తమెయిన్ ఎవరిదో సెప్పీ. ఇప్పుడే సంతకం పెట్టీస్తాను," అన్నాడు లింగరాజు.

ఫెయిత్ తలెత్తి పైకి చూసింది. బర్మాలో తామ్వే పేటలోని ఆ సందు మొదట్లో, ఈ మేడనుంచి ఆ మేడకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు నిండా ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే తమెయిన్లు, ఎర్రవీ, పచ్చవీ, పూలవీ, దర్జాగా ఊగుతున్నాయి. వాటి అవతల సైనికుల లారీ ఆగిపోయింది. తమెయిన్ కిందనుంచి దూరిన మగాడి మహిమ మంటగలిసిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. తుపాకులు పట్టుకున్న అంతమంది మగాళ్ళూ ఉతికిన గుడ్డలకు జడిసి లారీలోనే కూర్చున్నారు. ఈలోగా వాళ్ళు తరుముకొచ్చిన నిరసన ఊరేగింపు పిల్లలు సందు వెనక గోడ ఎక్కి ఒక్కొక్కరే జారుకుంటున్నారు.

లింగరాజు ఆ చుట్టుపక్కల వంద ఇళ్ళకు పెద్ద. సైన్యం గద్దెనెక్కాక వేసిన పెద్ద. ఫెయిత్‌కి పాస్‌పోర్టు రావాలంటే ఈ పిల్ల మా సందు మనిషేనని ఆయన రాసివ్వాలి. జర్మనీలో ఒక వృద్ధాశ్రమం ఆమెకోసం ఉద్యోగం పెట్టుకుని కూర్చుంది. ముందే వెళ్ళి స్థిరపడిన స్నేహితురాలు జూలియట్ తన గదిలో సగం ఖాళీ చేసి ఉంచింది. పుల్లటి రొట్టె అలవాటు చేసుకోమంది, చెత్తను రంగురంగుల డబ్బాల్లో వేరు చేయడం నేర్చుకోమంది, ఆదివారం చప్పుడు చెయ్యకూడదంది. ఫెయిత్ అన్నీ నేర్చుకుంది. లింగరాజు సంతకం ఒక్కటే మిగిలింది.

"నీ బతుకు నీ నోట్లో ఉందమ్మా," అన్నాడు లింగరాజు, కాయితం ఆమె ముక్కు ముందు ఆడిస్తూ. "ఒక్క పేరు. అంతే."

గుమ్మంలోంచి తల్లి మేరమ్మ కేకేసింది. "సెప్పీసి ఒగ్గీ తల్లీ. నీకెందుకొచ్చిన గొడవ? నువ్వు ఎల్లిపోయేదానివి."

ఫెయిత్‌కి ఒళ్ళు మండింది. ఎల్లిపోయేదాన్ని కాబట్టే తోటివాళ్ళని అమ్ముకుని పోవాలా? ఆ తాడు దగ్గర పొద్దున్నే సందులో ఆడవాళ్ళందరి చేతులూ పడ్డాయి. ఆమెదీ పడింది. మొదటిది ఎవరు కట్టారో ఆమెకు నిజంగా తెలియదు. తెలిసినా ఈయనకు చెప్పేది కాదు.

"నాదే మావా," అంది.

"ఏటీ?"

"మొదటిదీ నాదే, సివరిదీ నాదే. అన్నీ నావే. ఏటి సేస్తావో సెయ్యి."

లింగరాజు మొహం కందగడ్డలా అయింది. "జర్మనీ పోదామనుకున్నావు కదే! ఇంక ఇన్సీను జైలుకి పోదువుగాని."

"జర్మనీలో ఆడోళ్ళవీ మగోళ్ళవీ బట్టలన్నీ ఒకే మిషన్లో పడేసి ఉతికేత్తారంట మావా. ఒక్క మగోడి మహిమా పోలేదు. అయినా మన తెలుగోళ్ళకి ఈ పట్టింపు ఎప్పుడొచ్చింది? మీ తాత గంజాంనుంచి తెచ్చుకున్నాడా ఏటి?"

పై అంతస్తుల కిటికీల్లో కిసుక్కుమని నవ్వులు. లింగరాజు తలెత్తి చూసేసరికి కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి.

లారీ హారన్ మోగింది. సార్జంటు కిందికి దిగి, తాడుకు బాగా ఎడంగా నిలబడి, బర్మా భాషలో అరిచాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. ఏ ఆడదాన్నైనా పిలిచి తక్షణం తీయించమనీ, లేకపోతే నిన్నే లారీ ఎక్కిస్తాననీ ఆ అరుపు సారాంశం. లింగరాజు చేతులు నలుపుకుంటూ వంగి వంగి దండాలు పెట్టాడు.

"తియ్యవే," అన్నాడు ఫెయిత్‌తో, పళ్ళు నూరుతూ.

"నువ్వే తీసుకో."

"మేరమ్మప్పా! నువ్వైనా తియ్యి. నీ పిల్ల సంతకం సంగతి సూత్తాను."

మేరమ్మ గుమ్మం దిగి వచ్చింది. కూతురి మొహంలోకి చూసింది, తాడుకేసి చూసింది. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూతురి పక్కనే నిలబడింది. "నాకు అందదు తమ్ముడా. పొట్టిదాన్ని కదా," అంది.

ఫెయిత్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జర్మనీ పోతే పోయింది, ఈ అమ్మ చాలనిపించింది.

లింగరాజు కర్ర తెచ్చి తాడువైపు చాపాడు. కర్ర కొస తమెయిన్‌కి తగలబోయేసరికి పాము మీద పెట్టినట్టు వెనక్కి లాక్కున్నాడు. సార్జంటు మళ్ళీ అరిచాడు. ఇక దిక్కులేక లింగరాజు సందు మధ్యలో ఉన్న తన ఇంటివైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"తారా! ఒసే తారా! బేగి రావే, ఈ దరిద్రం విప్పుదువుగాని!"

బుగ్గలకు చందనపు పూతతో తార తాపీగా మెట్లు దిగి వచ్చింది. ఫెయిత్ ఆమెకు ఎదురెళ్ళింది. లింగరాజు పెళ్ళామే విప్పేస్తే ఇంక అడ్డేముంది? వెనక గోడ దగ్గర ఇంకా ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కలేక తంటాలు పడుతున్నారు.

"తారత్తా, ఒద్దు!" అంది.

తార వినిపించుకోలేదు. తాడు కిందికి వెళ్ళి చేతులెత్తి మొదటి ముడి పట్టుకుంది. లింగరాజు హమ్మయ్య అనుకుని సార్జంటుకేసి తిరిగి పళ్ళికిలించాడు. తార ఆ ముడిని విప్పలేదు. ఇంకాస్త బిగించి, చేతులు దులుపుకుని, మొగుడి దగ్గరికి వచ్చి నవ్వుతూ తెలుగులో అంది:

"ఇంట్లో దీనికేసి సూత్తేనే ఆయుష్షు తగ్గిపోద్దంటావు, నీ పెళ్ళాం తమెయిన్ నీకెలా ఆనవాలు తెలుస్తాది గానీ, ఇది ఎవరిదో ఆ సార్జంటుకి బర్మాలో సెప్పమంటావా, ముందు ఈ పిల్ల కాయితం మీద సంతకం పెడతావా?"