చప్పుడు రాకముందే

“చూశారా డాక్టరుగారూ, ఎంత దుమ్ము పట్టిందో! చప్పుడు వచ్చేదాకా మమ్మల్నెవరూ పిలవరు. చప్పుడు రాకముందే సర్వీసింగ్ చేయించుకోవాలండీ.”

స్టూలెక్కి ఏసీ విప్పుతున్న మెకానిక్ ఎక్కడికెళ్లినా చదివే పాఠమే ఇది. ఆడవాళ్ల డాక్టరు నవ్వింది.

“మా పేషెంట్లకి నేనూ అదే చెప్తాను. వింటేగా!”

అతను ఫిల్టరు జాలీ కడిగి బిగించి కిందికి దిగాడు. చేతులు తుడుచుకుని, జేబులోంచి నలిగిన కాగితం ఒకటి తీశాడు.

“ఆసుపత్రిలో పరీక్ష చేశాక మా ఆవిడ పేరున వచ్చిందండీ. గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు బాగా మారాయట, వెంటనే రమ్మని రాశారు. ఆవిడ వెళ్లలేదు. అంటే క్యాన్సరా?”

“కాదు, దానికి ముందు మెట్టు. ఆ దశలో ఆ కాస్త చోటూ తీసేస్తే సరి. చిన్న పని. అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు.”

“అంతేనా?” అతను స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

“అసలెందుకొస్తుందండీ?”

“ఒక వైరస్ వల్ల. మొగుడూ పెళ్లాల కలయికలో అంటుకుంటుంది. ఎప్పుడో అంటినది ఏళ్ల తర్వాత బయటపడొచ్చు, కాబట్టి ఒకరినొకరు అనుమానించుకోకండి. చాలామందికి దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠ వేస్తుంది. పొగ తాగేవాళ్లలో మరీను. ఆవిడకి సిగరెట్ అలవాటుందా?”

“ఆవిడకా? ఛఛ! నాకేనండీ. రోజుకో పెట్టె, అదీ ఇంట్లోనే.” తల దించుకున్నాడు. “అదీ కారణమేనా?”

“పక్కవాళ్ల పొగా మంచిది కాదు. పెళ్లి ఎన్నో ఏట?”

“పదిహేడో ఏటండీ. ఇరవై రెండుకల్లా ముగ్గురు పిల్లలు.”

“అదీ కొంత కారణమే. అన్నిటికంటే పెద్ద తప్పు, కాగితం చూశాక కూడా రాకపోవడం.”

“వెళ్తానందండీ. నేనే... ‘నొప్పా, పాడా? గుండ్రాయిలా ఉన్నావు, ఆసుపత్రి వాళ్లకేం, ఊరికే పిలుస్తారు’ అన్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు.”

కళ్లు ఒత్తుకున్నాడు. డాక్టరుకి జాలేసింది.

“అయ్యో, ఏడుస్తారేంటి? మించిపోయిందేం లేదు. రేపు పొద్దున్నే తీసుకురండి, అందరికంటే ముందు చూస్తాను.”

“తప్పకుండా తీసుకొస్తానండీ. మా అమ్మాయికి మొన్ననే ముప్ఫై నిండాయి.”

“ముప్ఫై నిండితే ఈ పరీక్ష చేయించాల్సిందే, అమ్మాయిని కూడా చూస్తాను. ముందు మీ ఆవిడ సంగతి చెప్పండి.”

అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆవిడ పోయి ఏడాదైందండీ.”