దిగమంటే దిగని గంప

"ముందు గంప దించు. అప్పుడే ఆటో కదిలేది," అన్నాడు డ్రైవరు, కోడూరు దాటగానే బండి రోడ్డు పక్కన ఆపేసి.

చేపలామె గంపని ఒళ్ళోకి లాక్కుంది. "ఇక్కడ దింపేస్తే అవనిగడ్డ మార్కెట్టుకి ఎట్టా వెళ్ళేది? ఐసు కరిగిపోతంది. ఎండెక్కితే ఇక కుక్కలకే."

"ఈ కంపుకి నా ఆటో ఎవరెక్కుతారు? సాయంత్రం నా ఇంట్లో పొయ్యి నువ్వెలిగిస్తావా?"

పక్కన ఇరుక్కుని కూర్చున్న ఉమాశ్రీకి బడికి టైమైపోతోంది. కొత్త ఉద్యోగం. అయినా ఉండబట్టలేకపోయింది.

"పాపం, ఆవిడ పొట్ట కొట్టకండి. మాకేం వాసన రావట్లేదు," అంది, ముక్కుకి అడ్డం పెట్టుకున్న చున్నీ తీసేసి మరీ.

"మీకు తెలీదు మేడం. అవి కుళ్ళిన చేపలు."

ఆ మాటతో చేపలామెకి రోషం పొడుచుకొచ్చింది. గంప మీద గోనెపట్టా లాగేసింది. "కుళ్ళినయ్యా? తెల్లారగట్ట పడవ దిగినయ్యి. మొప్ప ఎత్తి చూడండి, మందారప్పువ్వల్లే లేదూ?"

ఆటో అంతా గంప మీదకి వంగింది. ముందు సీట్లో పెద్దాయన మొప్ప ఎత్తి చూశాడు. "నిగనిగలాడతంటే కుళ్ళడమేంటయ్యా? నాకో రెండు చందువాలియ్యమ్మా."

వెనక సీటావిడ కానాగంతలు ఏరుకుంది. దారిన పోయే బైకులు కూడా ఆగాయి. డ్రైవరు నోరు మాత్రం ఆగలేదు. అతను తిట్టినకొద్దీ జనం పంతానికి కొన్నారు.

గంప అడుగున ఒక్క వాటా మిగిలింది. చేపలామె ఊరికే ఉమాశ్రీ వంక చూసింది. ఉల్లిపాయ కోసినా కత్తిపీట కడిగి పక్కన పెట్టే ఇల్లు ఉమాశ్రీది. అయినా ఫోన్ తీసి, గంపకి అంటించిన స్కానర్ మీద పెట్టేసింది.

అవనిగడ్డలో దిగి, చేపల సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని కొంతదూరం నడిచాక ఆమెకి తెలివొచ్చింది. ఇంటికి తీసుకెళ్తే సంచితో పాటు తననీ బయటే ఉంచుతారు. డబ్బు అక్కర్లేదు, చేపలు తిరిగిచ్చేద్దామని వెనక్కి వచ్చింది.

ఆటో ఖాళీగా ఉంది. డ్రైవరు ఉత్త గంపని టాపు మీద కడుతున్నాడు. చేపలామె సీట్లో కాళ్ళు బార్లా చాపుకుని టీ తాగుతోంది.

"కుళ్ళినయ్యన్నానని ఏమనుకోకే రాజకుమారీ," అంటున్నాడతను.

ఆమె సగం తాగిన గ్లాసు అతనికి అందించింది. "రేపు మోపిదేవి రూట్లో ఇంకాస్త గట్టిగా తిట్టు బావా. ఆ రూటోళ్ళకి జాలి ఓ పట్టాన పుట్టదు."