గోవిందసామి వస్తేనే

"గోవిందసామి వచ్చేదాకా ఎత్తేది లేదు" అంది కోకిల, గడపలో నిలబడి.

మద్రాసు చింతాద్రిపేట సందులో షామియానా కింద కూర్చున్నవాళ్లందరూ విన్నారు. లోపల ఐస్ పెట్టెలో ఉన్న ఆమె మొగుడు యతిరాజులు ఒక్కడే వినలేదు. అతను 'పవర్ కట్' అనే రాక్ బ్యాండుకు పాటగాడు. నిన్న సాయంత్రం పోయాడు.

ఆ బ్యాండులో డ్రమ్స్ వాయించింది గోవిందసామి. పదిహేడేళ్ల కింద ఇద్దరికీ స్టేజి మీదే గొడవైంది. మళ్లీ మొహాలు చూసుకోలేదు. పోయే ముందు మాత్రం, వాడు రాకుండా నన్ను పంపొద్దని యతిరాజులు పెళ్లాం దగ్గర మాట తీసుకున్నాడు.

"పన్నెండు దాటిందమ్మా. శ్మశానంలో రెండింటికల్లా రమ్మన్నారు" అన్నాడు యతిరాజులు అన్న తిరువేంగడం.

"వస్తాడు బావా" అని లోపలికి వెళ్లింది కోకిల.

అభిమానులకు టైము దొరికింది. దీపక్ యతిరాజులు పార్టీ. శ్రీకుమార్ గోవిందసామి పార్టీ. బ్యాండు విడిపోయేనాటికి ఇద్దరూ ఐదో క్లాసు. అయినా జరిగిందంతా వాళ్లకే తెలుసు.

"వాడు రాడు మచ్చా. నీ చావుక్కూడా రానని చెప్పినోడు. బ్యాండును నాశనం చేసిందే వాడు" అన్నాడు దీపక్.

"పోరా! మైకులో అందరి ముందరా తిట్టింది ఎవురు? మీ యతి కదా. గోవిందసామి దెబ్బ లేకుంటే ఆ పాటలు ఎవుడు వింటాడు?"

"రెండు కర్రలిస్తే ఎవుడైనా కొడతాడు."

"ఎవుడైనానా? నిద్రలో లేపి వినిపించు. గోవిందసామి దెబ్బయితే ఒక్క సెకన్లో చెప్తా."

రుజువు కోసం శ్రీకుమార్ ఫోన్లో పాట పెట్టాడు. వినపడలేదు. షామియానా ముందు చావు డప్పులు మోగిపోతున్నాయి. విసుక్కుంటూ లేచి వెళ్లాడు.

నలుగురు వాయిస్తున్నారు. చివరగా ఉన్న బట్టతల మనిషి తల ఎత్తకుండా కొడుతున్నాడు. వేళ్లకు గుడ్డ చుట్టుకున్నాడు. గుడ్డ ఎర్రబడింది.

"అన్నా, కొంచెం ఆపండి. ఆడ డ్రమ్స్ గురించి ముఖ్యమైన విషయం మాట్లాడతా ఉండాం."

ముగ్గురు ఆపేసి టీకి వెళ్లారు. బట్టతల మనిషి ఆపలేదు. మెల్లగా, ఒక్కడే కొడుతూ ఉన్నాడు.

శ్రీకుమార్ తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఆయనకి తాళమే తెలీదు మచ్చా. మధ్యలో ఒక్కో దెబ్బ మింగేస్తా ఉండాడు. పొద్దున్నే తాగినట్టుండాడు."

"చావు ఇంటికి అది చాల్లే" అన్నాడు దీపక్.

ఆ రోజు ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది.

లోపల ఏడుపు ఆగింది. కోకిల గడపలోకి వచ్చి నిలబడింది. ఆ ఒంటి డప్పు వింటూ ఉంది.

వీధి చివర ఆటో ఏదీ ఆగలేదు. పూలు కట్టిన బండి డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఒంటిగంటైంది. చూశావా, రాలా" అన్నాడు దీపక్.

శ్రీకుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మొహం చిన్నబోయింది.

"సరే మచ్చా. నువ్వు చెప్పిందే నిజం. ఇన్నేళ్లు అట్లాంటోడి కోసం కొట్లాడినా."

పదిహేడేళ్ల గొడవ అక్కడితో తేలిపోయింది.

కోకిల మెట్లు దిగి, జనాన్ని తప్పించుకుంటూ నేరుగా డప్పు దగ్గరికి వెళ్లి, ఎర్రబడిన గుడ్డ చుట్టుకున్న ఆ చేతిని పట్టుకుని ఆపి, "ఇంక చాలు గోవిందసామన్నా, ఎత్తుదాం" అంది.