నొక్కమంది కదే

నాలుగింటికి భార్యకు ఇంట్లో కంప్యూటర్‌లోనే ఉద్యోగానికి ఇంటర్వ్యూ. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తానని పొద్దున్నే కూర్చున్న భర్త మూడైనా లేవలేదు.

"పది నిమిషాల పనన్నారు?"

"అంతా ఎక్కుతుంది, ఆరి వెలుగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఈ పెన్‌డ్రైవే దండగమారిది."

ఆవిడ వెనకే నిలబడి చూసింది. తెర ఆరి వెలిగింది. 'పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టాలంటే ఏదో ఒక కీ నొక్కండి' అని అడిగింది. ఆయన ఠక్కున నొక్కాడు. అంతా మళ్లీ మొదటికొచ్చింది.

"ఎందుకు నొక్కారు?"

"నొక్కమంది కదే."

"ఈసారి అది అడిగితే పట్టించుకోకండి. ఇరవై ఏళ్లుగా నేనేం చెప్పినా ఊరుకోవడం లేదూ, అలాగే."

ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మూడూ యాభైకి కంప్యూటర్ తెరుచుకుంది. పెళ్లయ్యాక ఆవిడ మాట ఆయన వినడం అదే మొదటిసారి.