పాపమ్మాళ్ కొళాయి

మొదటి బిందె పాపమ్మాళ్‌ది. పొద్దున కొళాయి రాగానే, వంతు ఎవరిదైనా సరే, ముందు ఆ పచ్చ ప్లాస్టిక్ బిందె నింపి చెల్లమ్మాళ్ ఇంటి మెట్టు మీద పెట్టాలి. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. సాయంత్రానికి ఆ బిందె కడిగి బోర్లించి ఉంటుంది.

పాపమ్మాళ్ పోయి మూడేళ్ళు. చెల్లమ్మాళ్ ఇంటికి తాళం పడి కూడా దాదాపు అంతే. ఒంటరి మనిషి, వక్కాకు నములుతూ ఎటో వెళ్ళిపోయిందని చెప్పుకునేవారు. తాళం వేసిన ఇంట్లో నీళ్ళు తాగేదెవరని అడిగితే మాత్రం, కోవిల్‌పట్టికి ఉత్తరాన ఉన్న ఆ వీధిలో అందరికీ వేరే పని గుర్తుకొస్తుంది.

కొత్త కోడలు మారిసెల్వికి ఇది మింగుడు పడలేదు. పోయింది ఆమె అత్తే మరి.

అత్తను ఆమె చూడలేదు. తాయిల్పట్టి దగ్గర టపాకాయల కంపెనీలో మందు అంటుకుని ఓ గది గదే లేచిపోయింది. మొహం చూసి గుర్తుపట్టే వీల్లేదు. సద్ది క్యారియర్ మూత మీద కొట్టించిన పేరును బట్టి పాపమ్మాళ్ అని తేల్చారు. ఆ క్యారియర్ పట్టుకుని వీధికి వచ్చింది మారిసెల్వి తండ్రే. ఆయన ఆ కంపెనీలో ఫోర్‌మన్.

ఏం కావాలో అడగమన్నాడు యజమాని. వీధి మొత్తం నీళ్ళే అడిగింది. అప్పటిదాకా ఆడవాళ్ళు రైలు పట్టాలు దాటి తోట బావికి పోయేవాళ్ళు. మున్సిపాలిటీ లారీ ఎన్నికలకు మాత్రం తప్పకుండా వచ్చేది. యజమాని తన తోటలోని బోరు నుంచి గొట్టం వేయించి, వీధిలో కొళాయి పెట్టించి, పక్కన రాతి పలక మీద పాపమ్మాళ్ పేరు చెక్కించాడు. ఆ రాకపోకల్లోనే ఫోర్‌మన్ తన కూతుర్ని పాపమ్మాళ్ కొడుకు తంగపాండికి ఇస్తానన్నాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఇప్పుడు మారిసెల్వికి ఐదో నెల. సెలవునాడు మధ్యాహ్నం పూట పడుకుంటే పక్కనే ఉన్న చెల్లమ్మాళ్ ఇంటి గోడలోంచి దగ్గు వినిపిస్తుంది. ఒకరోజు ఎవరో సన్నగా ఏడ్చినట్టు కూడా అనిపించింది. మొన్న అత్త తివసానికి, ఏటి తద్దినం నాడు, విస్తరిలో వక్కాకు పెట్టారు. అమ్మకు వక్కాకు వాసనే పడదని అంతకుముందు చెప్పింది తంగపాండే. ఇదేమిటని అడిగితే ముఖం తిప్పుకున్నాడు.

అత్త దయ్యమై పక్కింట్లో ఉందని ఆమెకు నిజంగా భయం వేసింది. తన గురించి కాదు, కడుపులో బిడ్డ గురించి.

"మీ అమ్మ పేయి అయి ఆడనే ఉండాది. నా బిడ్డకు ఏమన్నా అయితే ఏం చేస్తావు?"

"మా అమ్మ నిన్ను ఏమీ చెయ్యదు" అన్నాడు తంగపాండి.

"నేను పేయిని తరిమే కోడంగిని పిలిపించినాను. మంగళవారం మా నాయనే పిలుచుకొని వస్తాడు. తాళం పగలగొట్టి, ఉడుక్కై డమరుకం కొట్టి ఆ కోడంగి తరిమేస్తాడు. మీకు ఇష్టం లేకపోతే నేను ఏళాయిరంపన్నై పోయి మా అమ్మ దగ్గరే కంటాను."

తంగపాండి తండ్రి మాయాండి అరుగు మీద నుంచి లేచి వచ్చాడు.

"వద్దు తాయీ. ఆమెను తరిమితే నీళ్ళు కూడా పోతాయి."

"నీళ్ళు బోరులోనుంచి వస్తాయి మామా. పేయి దగ్గరనుంచి కాదు."

ఆయన మళ్ళీ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

మర్నాడు కొళాయి దగ్గర ఆమె రాగానే మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఎదురింటి వళ్ళియమ్మాళ్ కూడా నవ్వలేదు.

"తోట బావికాడ మేము మాటలు పడినప్పుడు నువ్వు లేవు మారీ" అంది. "ఆ నీళ్ళు మోసి మోసి నాకు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఆమెను విడిచిపెట్టు."

బతికున్న బిడ్డకంటే పేయి ఎక్కువైందా వీళ్ళకి అనుకుంది మారిసెల్వి. ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం పొద్దున్నే వాంతులు పట్టుకున్నాయి. పనికి పోకపోతే అగ్గిపెట్టెల కంపెనీలో చోటు పోతుంది. వళ్ళియమ్మాళ్ కూతురు పాండిసెల్వి ఏమీ అడక్కుండా, మారిసెల్వి క్యారియర్ తీసుకుని, ఆమె బదులు వ్యాను ఎక్కింది. ఎంత కోపం ఉన్నా ఆ వీధిలో ఈ సాయం మాత్రం ఆగదు.

మధ్యాహ్నానికి వీధి ఖాళీ. తండ్రి వచ్చే బస్సు ఇంకాసేపట్లో వస్తుంది. మారిసెల్వి వాకిట్లో కూర్చుని పక్కింటి మెట్టు వైపు చూసింది. మెట్టు మీద బిందె లేదు. పెట్టిన చోటు తడిగా ఉంది. అక్కడి నుంచి ఇంటి వెనక్కి తడి పాదాల గుర్తులు, మడమల పగుళ్ళతో సహా.

బిడ్డ కోసం లేచింది. గోడ పట్టుకుని వెనక వైపుకు వెళ్ళింది. వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి.

"అత్తా" అంది. "నీకు ఏం కావాలన్నా పెడతాను. నా బిడ్డ జోలికి రావద్దు. నువ్వు పోయిన చోటికి పో."

చీకట్లోంచి గాజుల చప్పుడైంది. ఒక చెయ్యి బయటికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది ఆ చెయ్యి.

"మీ నాయనను ఇంట్లోకి రానీవద్దు మారీ, నాకు జొరమని నా క్యారియర్ తీసుకొని నా బదులు పోయి చచ్చింది చెల్లమ్మాళని ఆయనకి తెలిస్తే, రేపటినుంచి ఈ వీదికి నీళ్ళు రావు."