దవాఖాన సామాను

శుక్రవారం సాయంత్రం గల్ఫ్‌లో, రువీ బజారులోని కంప్యూటర్ల దుకాణంలోకి సిమెంటు అంటిన బూట్లతో ఒకాయన వచ్చి ఏసీ కింద నిలబడ్డాడు.

అద్దాల బల్ల ముందు కూర్చుని సామాను ఎంచుకుంటున్న ప్రీతమ్‌కు ఒళ్లు మండింది.

ప్రీతమ్‌ది భీమవరం వైపు. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫొటోలు తీసే ఉద్యోగం, దార్సైట్‌లో రూమ్. తనకు నచ్చిన సామాను ఒక్కొక్కటే ఏరి కంప్యూటర్ కట్టించుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. దాని మీద ఆటలాడాలి, బొమ్మలు గియ్యాలి, చర్చికి పోస్టర్లు చెయ్యాలి. రేపు ఆటకు రమ్మని స్నేహితులను ముందే పిలిచేశాడు.

"ఇదిగో బాబూ, ఏసీ గాలికి వచ్చినట్టున్నావు. కాస్త బయట నిలబడు. దుమ్ము పడితే ఇవన్నీ పాడైపోతాయి."

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నిజమే సారు," అని తలుపు మెల్లగా మూసి, బయటి వేడిలో నిలబడ్డాడు.

"సార్, ఆయప్ప..." అనబోయాడు దుకాణంలో పనిచేసే కడప జయరాముడు.

"ఆయన సంగతి వదిలెయ్యండి. బోర్డు ఏది వేద్దాం?"

పెంటియం టూ తీశారు. దానికి తగిన బోర్డు తీశారు. బొమ్మలు గియ్యడానికి తక్కువైతే ఏడిపిస్తుందని మెమరీ రెట్టింపు వేయించాడు ప్రీతమ్. సౌండ్ కార్డు, పెద్ద మానిటర్ అయ్యాయి. ఇవన్నీ బిగించే పైడబ్బా దగ్గర మాత్రం ఏదీ నచ్చక అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెండ్లికూతుర్ని చూసినట్టు చూస్తాండారే సార్."

"రోజూ దాని మొహమే చూడాలి కదండీ. ఇక గ్రాఫిక్స్ కార్డు. ఆటలో కారు పరిగెత్తాలి గానీ ఎద్దుబండిలా నడవకూడదు."

"అట్లాంటిది ఒకటే ఉండాది సార్. అది బుక్ అయిపోయింది. మళ్లా దుబాయ్ నుంచి రావల్లంటే నెల పడుతుంది."

"అది లేకపోతే మిగతావీ వద్దు. పక్క షాపుకి వెళ్తాను."

జయరాముడు తీసి పెట్టిన డబ్బాల వైపు చూశాడు. పెద్ద బేరం.

"బుక్ చేసినాయన్ని అడిగి చూస్తా. ఏమని చెప్పల్ల?"

ప్రీతమ్ గడ్డం గోక్కున్నాడు.

"ఆసుపత్రికని చెప్పండి. ఎక్స్‌రే మిషన్‌లో వెయ్యాలని."

"అట్లనే చెప్పాల్నా సార్?"

"చెప్పండి. ఎవడొచ్చి చూస్తాడు?"

జయరాముడు బయటికి పోయి, కాసేపటికి తిరిగొచ్చాడు. తల ఎత్తలేదు.

"తీసుకోమన్నాడు సార్."

డబ్బాలన్నీ టాక్సీ దాకా మోయడానికి ఇద్దరి చేతులు చాలలేదు. బయట నిలబడి ఉన్నాయననే పిలిచాడు ప్రీతమ్. ఆయన మానిటర్ భుజానికెత్తుకున్నాడు. టాక్సీ దగ్గర దించి, అడగాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"సారు, గిది ఏస్తే ఫొటో సాఫ్ పడతదా?"

జయరాముడు చెప్పి ఉంటాడనుకున్నాడు ప్రీతమ్. డిక్కీలోకి వంగి డబ్బాలు సర్దుతూ, "పడుతుంది," అన్నాడు.

"బొక్క పగిలితె కనబడతదా?"

"వెంట్రుకంత పగులైనా కనబడుతుంది."

"ఇగ మంచిది."

పెప్సీ తాగమని చిల్లర ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దవాఖాన సామాను మోస్తే పైసలు తీస్కుంటరా? వద్దు సారు."

మర్నాడు స్నేహితులొచ్చారు. తెర మీద కారు నూనెలో జారినట్టు పరిగెత్తింది. అందరూ కార్డును మెచ్చుకున్నారు. ప్రీతమ్‌కు మాత్రం ఆ 'ఇగ మంచిది' అన్న మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

తర్వాతి శుక్రవారం ఆటకు వాడే జాయ్‌స్టిక్ కోసం దుకాణానికి వెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగాడు.

"ఆ కార్డు బుక్ చేసింది ఎవరండీ?"

"మీరు బయట నిలబెట్టినారే, ఆయప్పే సార్. నర్సింగ్ అని, జగిత్యాల మనిషి. అమెరాత్‌లో సెంట్రింగు పని."

"ఆయనకెందుకు?"

"కూతురు హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద బొమ్మలకు నడక నేర్పే చదువు చదువుతాంది. ఆ పిల్ల కోసం అప్పుడొకటి ఇప్పుడొకటి సామాను కొని మంచం కింద పెట్టుకుంటా వచ్చినాడు. ఆ కార్డు ఒక్కటే మిగిలినాది."

ప్రీతమ్ తలుపు వైపు తిరిగాడు.

"ఇప్పుడే వెళ్లి విప్పి తెస్తాను. ఆయన రూమ్ ఎక్కడ?"

"మొన్ననే విమానం ఎక్కినాడు సార్. ఎగ్జిట్. ఇంక రాడు."

"ఏమైంది?"

"సెంట్రింగు మీంచి పడి మణికట్టు విరిగిందంట. ఆసుపత్రిలో ఫొటో తీసి, ఏం కాలేదు పో అన్నారంట. ఆ చేత్తోనే పని చేసినాడు. ఎముక వంకరగా అతుక్కుంది. సుత్తి పట్టలేడని కంపెనీ పంపించేసింది. 'ఇగ నా బిడ్డే నన్ను సాకాలె' అన్నాడు."

"మరి కార్డు ఎందుకు వదులుకున్నాడు?"

"నేనూ అదే అడిగినా. 'నా ఫొటో మసక పడ్డది, మిషిన్ పాతది గావచ్చు, ఇంకొకనికన్న సాఫ్ పడనీ' అన్నాడు. నేను నోరు మూసుకున్నా సార్."

మిషన్ పాతది కాదు. ఫొటో మసక పడిందంటే మనిషి కదిలాడని అర్థం. మళ్లీ తియ్యాలి. డ్యూటీ దిగే వేళైతే ప్రీతమ్ మళ్లీ తీసేవాడు కాదు.

"ఏ ఆసుపత్రి అన్నాడు?" అని అడిగాడు.

జయరాముడు జాయ్‌స్టిక్ డబ్బాను బల్ల మీద నుంచి వెనక్కి లాక్కున్నాడు.

"మీదే సార్. 'నా ఫొటో దీసింది ఈ సారే, మనిషి మంచోడు, మిషినే మంచిది గాదు' అన్నాడు."